ఆఫీసుకు నడిచి వెళ్లడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నడిచి పనికి వెళ్లాలనుకునేవాళ్లకు మొదట్లో వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఆఫీసు అన్నా, బడి అన్నా, షాపు అన్నా, ఫ్యాక్టరీ అన్నా ఈ పేజీలో అర్థం ఒకటే, మీరు రోజూ పనిచేసే చోటు. ఈ అలవాటును నేను గట్టిగా నమ్ముతాను. అయినా నడక వల్ల జరగనివి కూడా దాచకుండా చెప్పాను. లేనిపోని ఆశలతో మొదలుపెట్టినవాళ్లే తొందరగా మానేస్తారు.

విడిగా వాకింగ్‌కు వెళ్లినా అంతే కదా, ఆఫీసుకే నడవాలని ఏముంది?

శరీరానికైతే ఏ తేడా లేదు. మీరు ఎక్కడికి వెళుతున్నారో గుండెకూ కండరాలకూ అక్కర్లేదు. తేడా అంతా రేపు, ఎల్లుండి, వచ్చే ఏడాది కూడా నడుస్తారా లేదా అన్న దగ్గరే ఉంది.

వాకింగ్ అనేది రోజులో విడిగా పెట్టుకున్న పని. నిద్ర చాలకపోతే పోతుంది, ఇంట్లో ఏదైనా పని తగిలితే పోతుంది, చుట్టాలొస్తే పోతుంది. ఎందుకు వెళ్లలేదని ఎవరూ అడగరు. ఆఫీసు అలా కాదు, మనసున్నా లేకపోయినా వెళ్లాల్సిందే. ఆ తప్పని ప్రయాణానికి నడకను ముడిపెట్టేస్తే "ఈరోజు నడుద్దామా, వద్దా" అన్న ఆలోచనే రాదు. సాయంత్రం ఇంటికి రావాలి కాబట్టి రెండో నడక దానంతటదే వస్తుంది. వ్యాయామం మానేసేవాళ్లలో చాలామంది బద్ధకస్తులు కారు, రోజూ కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సి రావడంతో విసిగిపోయినవాళ్లు. నడిచి పనికి వెళ్లడంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే. కింద చెప్పే లాభాలన్నీ ఏళ్ల తరబడి నడిస్తే వచ్చేవి. అన్నేళ్లు నడిపించేది మాత్రం ఈ తప్పనిసరి ప్రయాణమే.

గుండెకు మేలని నిజంగా రుజువు ఉందా?

ఉంది, చాలా పాత రుజువు కూడా ఉంది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశాడు. డ్రైవర్ రోజంతా సీట్లో కూర్చుంటాడు, కండక్టర్ టికెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందని, వచ్చినా కాస్త పెద్ద వయసులో, అంత తీవ్రంగా కాకుండా వస్తోందని తేలింది. తపాలా శాఖలోనూ అంతే. కాలినడకన, సైకిల్ మీద ఉత్తరాలు పంచేవాళ్లు కుర్చీలో పనిచేసేవాళ్లకన్నా మెరుగ్గా ఉన్నారు. ఇది 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పనిలో భాగంగా కదిలే కదలిక కూడా గుండెను కాపాడుతుందన్న మాటకు పునాది పడింది అక్కడే.

నేరుగా ఆఫీసు ప్రయాణం మీదే జరిగిన పరిశోధన ఒకటి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. బ్రిటన్‌లో రెండున్నర లక్షలమందికి పైగా మనుషుల్ని సుమారు అయిదేళ్లు గమనించారు. కార్లలో, బస్సుల్లో, రైళ్లలో వెళ్లేవాళ్లతో పోలిస్తే నడిచి వెళ్లేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు 27 శాతం తక్కువగా కనిపించాయి. ఆ జబ్బులతో చనిపోవడం 36 శాతం తక్కువ. క్యాన్సర్ విషయంలో, అన్ని రకాల మరణాలూ కలిపి చూసిన లెక్కలో మాత్రం నడిచేవాళ్లకు స్పష్టమైన తేడా కనిపించలేదు. ఆ లాభాలు సైకిల్ తొక్కేవాళ్లలో కనిపించాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి పరిశోధనల్లో ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే నడకను ఎంచుకుంటున్నారేమో అన్న అనుమానం పూర్తిగా తీరదు. లండన్ బస్సు డ్రైవర్ల యూనిఫాం కొలతలు తీసి చూస్తే, వాళ్ల నడుము చుట్టుకొలత కండక్టర్లకన్నా ముందునుంచే ఎక్కువని తర్వాత బయటపడింది. అయినా ఇన్ని దేశాల్లో, ఇన్నేళ్లుగా, ఇన్ని రకాలుగా చూసినా ఫలితం ఒకేవైపు మొగ్గుతోంది కాబట్టి నాకైతే సందేహం లేదు.

ఎంత దూరమైతే నడవొచ్చు?

మామూలు మనిషి కాస్త చురుగ్గా నడిస్తే కిలోమీటరుకు 12 నిమిషాలు పడుతుంది, అడుగులు సుమారు 1,300 పడతాయి. కిలోమీటరు, కిలోమీటరున్నర అయితే ఆలోచించక్కర్లేదు. 2 నుంచి 3 కిలోమీటర్ల మధ్య అన్నిటికన్నా బాగుంటుంది. ఒకవైపు సుమారు అరగంట, రెండువైపులా కలిపితే రోజుకు దాదాపు గంట. వారానికి అయిదు రోజులు అలా నడిస్తే 240 నుంచి 360 నిమిషాలు అవుతుంది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే ఆ కోటా ఆఫీసు ప్రయాణంలోనే పూర్తయిపోతుంది.

4 కిలోమీటర్లు దాటితే రోజూ రెండువైపులా నడవడం చాలామందికి కుదరదు. అప్పుడు ఒకవైపు నడిచి, రెండోవైపు బండి ఎక్కినా బాగానే ఉంటుంది.

మా ఆఫీసు 15 కిలోమీటర్లు. ఇది నాకు వర్తించదు కదా?

వర్తిస్తుంది. పూర్తి దూరం నడవాలని ఎవరూ అనడం లేదు. బస్సులో, రైల్లో వెళ్లేవాళ్లు ఒక స్టాప్ ముందు దిగొచ్చు, ఇంటికి దగ్గరి స్టాప్‌లో కాకుండా తర్వాతి స్టాప్‌లో ఎక్కొచ్చు. కారులో వెళ్లేవాళ్లు ఆఫీసుకు కిలోమీటరు దూరంలో, పార్కింగ్ సులువుగా దొరికే చోట బండి ఆపేయొచ్చు. ఆఫీసు చుట్టూ చోటు కోసం తిరిగే సమయం దీనివల్ల మిగులుతుంది కాబట్టి నడక దాదాపు ఉచితంగా వచ్చినట్టే.

వ్యాయామం ఒక్కసారికి కనీసం 10 నిమిషాలైనా ఉంటేనే లెక్క అన్న నియమం ఒకప్పుడు ఉండేది. 2020 సూచనల్లో దాన్ని తీసేశారు. ఇంటి నుంచి స్టాప్‌కు 7 నిమిషాలు, స్టాప్ నుంచి ఆఫీసుకు 6 నిమిషాలు నడిచినా అవీ లెక్కలోకి వస్తాయి. బస్సుల్లో, రైళ్లలో తిరిగేవాళ్లు తమకు తెలియకుండానే చాలా నడుస్తుంటారు.

ఎంత వేగంగా నడవాలి?

మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగంగా. నిమిషానికి 100 అడుగులు పడితే అది మధ్యస్థ వ్యాయామం కింద లెక్క. గడియారం చూస్తూ 15 సెకన్లలో ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టండి. 25 వస్తే సరిపోయినట్టే. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు నాడి అంతగా పెరగదు. వాళ్లు చేతి వాచీలో గుండె వేగం చూసి అంచనా వేయకుండా ఈ మాట, పాట పరీక్షనే నమ్ముకోవడం మంచిది.

రోజుకు పది వేల అడుగులు తప్పనిసరా?

కాదు. ఆ అంకె ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని ఆ పేరుతో అమ్మింది. గుండ్రటి అంకె కాబట్టి జనం నోట్లో నిలిచిపోయింది.

2022లో 15 అధ్యయనాల సమాచారం కలిపి చూస్తే, 60 ఏళ్లు దాటినవాళ్లకు 6,000 నుంచి 8,000 అడుగుల దగ్గర, అంతకన్నా చిన్నవాళ్లకు 8,000 నుంచి 10,000 దగ్గర లాభం పెరగడం ఆగిపోతోందని తేలింది. అంతకుముందు 2019లో సగటున 72 ఏళ్ల వయసున్న మహిళల మీద చేసిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లలో మరణాలు 2,700 వేసేవాళ్లకన్నా 41 శాతం తక్కువగా ఉన్నాయి. అసలే నడవనివాళ్లు కొంచెం నడిస్తే వచ్చే లాభమే అన్నిటికన్నా పెద్దది. ఇప్పుడు మీరు 3,000 దగ్గర ఉంటే పది వేల గురించి టెన్షన్ పడకండి, రానూపోనూ కిలోమీటరు చొప్పున కలిపితే 5,600 అవుతుంది.

బరువు తగ్గుతానా?

నడక ఒక్కదానితోనే అంటే, పెద్దగా తగ్గరు. 65 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే సుమారు 110 కేలరీలు ఖర్చవుతాయి. కుర్చీలో కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యే 30 తీసేస్తే మిగిలేది 80. పైగా నడిచిన రోజు ఆకలి కొంచెం పెరుగుతుంది, "నడిచాను కదా" అని ఇంకో నాలుగు ముద్దలు తినాలనిపిస్తుంది. తిండిలో మార్పు లేకుండా ఆఫీసు నడకతో పొట్ట కరిగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

నడక బాగా చేసే పని వేరే ఉంది, ఏటా మెల్లగా ఎక్కే బరువును ఎక్కకుండా ఆపుతుంది. నడివయసులో చాలామందికి కావలసింది నిజానికి అదే. ఇంకా ముఖ్యంగా, తూకంలో ఒక్క కిలో తగ్గకపోయినా బీపీ, షుగర్, గుండె విషయంలో వచ్చే లాభం వస్తూనే ఉంటుంది. కాబట్టి నెల తర్వాత తూకం చూసి నిరాశపడి మానేయకండి. కొలవాలనుకుంటే నడుము చుట్టుకొలత, బీపీ కొలవండి.

షుగర్ ఉంది. నడిచి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. కండరం కదులుతున్నప్పుడు రక్తంలోని గ్లూకోజ్‌ను ఇన్సులిన్ సాయం లేకుండానే లోపలికి లాక్కుంటుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని శరీరానికి ఇది పెద్ద వరం. నడక అయిపోయాక కూడా ఒకటి రెండు రోజులపాటు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానొద్దని డాక్టర్లు చెబుతారు. పనిదినాల్లో రోజూ నడిచేవాళ్లకు ఆ నియమం దానంతటదే అమలవుతుంది. సెలవు రోజుల్లో ఒకరోజు కాస్త బయటికి వెళ్లొస్తే చాలు. టిఫిన్ తిన్న కాసేపటికి బయల్దేరేలా చూసుకుంటే, తిన్న వెంటనే పెరిగే గ్లూకోజ్ కూడా అంతగా ఎగబాకదు.

జాగ్రత్తలు రెండున్నాయి. ఇన్సులిన్ గానీ, ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే సల్ఫనైల్‌యూరియా రకం మాత్రలు గానీ వాడేవాళ్లకు నడకలో షుగర్ మరీ పడిపోవచ్చు. వణుకు, చెమటలు, కళ్లు బైర్లు కమ్మడం దాని గుర్తులు. జేబులో గ్లూకోజ్ బిళ్లలో చక్కెరో ఉంచుకోండి, మందు మోతాదు గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడండి. రెండోది పాదాలు. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు. ఇంటికి రాగానే వేళ్ల సందులు, అరికాళ్లు రోజూ కళ్లతో చూసుకోవాలి. ఈ ఒక్క అలవాటు ఎన్నో కాళ్లను కాపాడుతుంది.

బీపీ తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. చాలా ప్రయోగాలను కలిపి 2021లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, నడక వల్ల పై అంకె సుమారు 4 పాయింట్లు తగ్గుతోందని తేలింది. చిన్నదిగా అనిపించినా అది రోజూ నిలిచి ఉండే తగ్గుదల. మందులు మాత్రం మీ అంతట మీరు మానొద్దు.

మోకాళ్లు నొప్పి. నడిస్తే ఇంకా అరిగిపోవూ?

ఈ భయం చాలామందిని కుర్చీకి కట్టేసింది. కీలులోని మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు, ఒత్తిడి పడి వదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదలని మోకాలు బిగుసుకుపోతుంది, దాన్ని పట్టి ఉంచే తొడ కండరాలు బలహీనపడతాయి, అప్పుడు నొప్పి ఇంకా పెరుగుతుంది. మోకాళ్ల అరుగుదలకు డాక్టర్లు రాసే వ్యాయామాల్లో నడక ముందు వరసలో ఉంటుంది. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం చూపించింది.

అయితే మెల్లగా మొదలుపెట్టాలి. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారం వారం రెండు మూడు నిమిషాలు పెంచండి. నడిచేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండి, మర్నాటికి తగ్గిపోతే ఫర్వాలేదు. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే దూరం తగ్గించండి. మోకాలు వాచినా, పట్టు తప్పి వంగిపోతున్నట్టు అనిపించినా చూపించుకోవాల్సిందే.

మనసుకు ఏమైనా మేలు చేస్తుందా?

నా దృష్టిలో శరీరానికి చేసే మేలుకన్నా ఇది తొందరగా తెలుస్తుంది. గుండెకు వచ్చే లాభం కంటికి కనిపించదు. మనసుకు వచ్చేది మొదటి వారంలోనే తెలుస్తుంది.

బ్రిటన్‌లో దాదాపు 18,000 మంది ఉద్యోగుల 18 ఏళ్ల సమాచారాన్ని పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. కారు నడుపుకుంటూ వెళ్లేవాళ్లకు ప్రయాణ సమయం పెరిగేకొద్దీ మనశ్శాంతి తగ్గింది. నడిచేవాళ్లకు నడక సమయం పెరిగేకొద్దీ బాగుంది. కారు మానేసి నడకకో సైకిల్‌కో మారినవాళ్లలో ఏకాగ్రత కుదరకపోవడం, నిత్యం ఒత్తిడిలో ఉన్నట్టు అనిపించడం తగ్గాయి. ఇందులో వింతేం లేదు. ట్రాఫిక్‌లో చిక్కుకున్న మనిషి చేతిలో ఏమీ ఉండదు, ముందున్న బండి కదిలితేనే కదలాలి. నడిచేవాడికి ఎంతసేపట్లో చేరతాడో ముందే తెలుసు, రోజూ దాదాపు అదే సమయం.

ఆలోచనలకు కూడా నడక సాయం చేస్తుంది. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కూర్చున్నప్పుడు, నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎన్ని వస్తాయో కొలిచారు. నడకలో సగటున 60 శాతం ఎక్కువ వచ్చాయి. గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఫలితం వచ్చింది, నడిచి వచ్చి కూర్చున్నాక కూడా కాసేపు నిలిచింది. ఒకే సరైన జవాబు వెతకాల్సిన పనులకు మాత్రం ఇది పనిచేయలేదు. కాబట్టి లెక్కల చిక్కుముడి ఆఫీసు టేబుల్ దగ్గరే విప్పుకోండి, "ఈ సమస్యకు ఇంకో దారి ఏముంది" అన్న ప్రశ్నను దారిలో మోసుకెళ్లండి.

సాయంత్రం నడక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆఫీసులో పడ్డ మాట, మిగిలిపోయిన పని, పై అధికారి మొహం ఇవన్నీ తలలో తిరుగుతుండగానే నేరుగా ఇంట్లో అడుగుపెడితే, ఆ చిరాకు తగిలేది ఇంట్లోవాళ్లకే. ఇరవై నిమిషాల నడకలో ఆ వేడి చాలావరకు దిగిపోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ ఇరవై నిమిషాలకు ఎంత విలువ ఉంటుందో అనుభవించినవాళ్లకు తెలుసు.

నిద్ర బాగా పడుతుందంటారు, నిజమేనా?

పొద్దుటి నడక వల్ల నిజమే. శరీరంలోని గడియారానికి వేళ చెప్పేది వెలుతురు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, ఆఫీసు గదిలో అది 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా బయట వేలల్లో ఉంటుంది. పొద్దున కళ్లకు ఆ వెలుతురు తగిలితే రాత్రి నిద్ర వేళకు వస్తుంది.

చెమటతో ఆఫీసుకు ఎలా వెళ్లేది?

చాలామందిని ఆపేది గుండె గురించిన సందేహం కాదు, ఇదే. కొన్ని కిటుకులు పనిచేస్తాయి. పొద్దున నెమ్మదిగా నడవండి, వేగం సాయంత్రానికి దాచుకోండి. ఇంటికి వచ్చేటప్పుడు ఎంత చెమట పట్టినా స్నానం చేయొచ్చు. చివరి అయిదు నిమిషాలు మరీ నిదానంగా నడిస్తే చేరాక చెమట ధారగా కారదు. నడక ఆపిన తర్వాతే ఎక్కువ కారుతుంది కాబట్టి ఆఫీసులోకి వెళ్లగానే కుర్చీలో కూలబడకుండా అయిదు నిమిషాలు గాలి తగిలే చోట నిలబడండి.

పలచటి టీషర్ట్‌తో నడిచి, చొక్కా చేరాక తొడుక్కోవడం అన్నిటికన్నా సులువు. ఒక చిన్న టవల్, దువ్వెన, ఒక జత బట్టలు, ఆఫీసు చెప్పులు అక్కడే డ్రాయర్‌లో ఉంచేయండి. వీపుకు తగిలించే బ్యాగ్ కింద చెమట ఎక్కువ పడుతుంది. అది ఇబ్బందైతే లాప్‌టాప్‌ను రోజూ మోయకుండా కుదురుతుందేమో చూడండి.

బ్యాగ్ బరువు ఎంత ఉండొచ్చు?

మీ బరువులో పదో వంతు లోపు. రెండు పట్టీలూ తగిలించుకోవాలి. ఒకే భుజానికి వేలాడేసుకుంటే మెడ, నడుము నొప్పి వస్తాయి.

షూస్ ఎలాంటివి కొనాలి?

ఖరీదైనవి అక్కర్లేదు, సరిపోయేవి కావాలి. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం వెళ్లి కొనండి. పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు, ముందు భాగం మాత్రమే వంగాలి, మధ్యలో మడతపడకూడదు. నడక మీద వాడే జత 500 నుంచి 800 కిలోమీటర్లకు అరిగిపోతుంది. పైకి బాగానే కనిపించినా లోపలి మెత్తదనం అప్పటికి చచ్చిపోతుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు ఉంటే అది అరికాలి పొర వాపు కావచ్చు. షూస్ మార్చండి, పిక్కలు సాగదీసే వ్యాయామాలు చేయండి, కొన్ని వారాలు దూరం తగ్గించండి.

పొగ, దుమ్ము పీల్చుకుంటూ నడిస్తే లాభంకన్నా నష్టమే ఎక్కువ కాదా?

న్యాయమైన ప్రశ్న. దీన్ని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు లెక్కగట్టారు. గాలిలో సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరుకు సగటున 100 మైక్రోగ్రాములు ఉండే చోట కూడా రోజుకు గంట నడకలో లాభమే ఎక్కువని వాళ్ల లెక్క చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుగా సూచించే హద్దు 5 మైక్రోగ్రాములే. అంటే గాలి బాగోలేకపోయినా ఫర్వాలేదని కాదు, గాలి బాగోలేదని నడక మానేస్తే ఇంకా నష్టపోతామని. కారు అద్దాలు ఎక్కించుకుంటే తప్పించుకున్నట్టు అనిపిస్తుంది గానీ, ముందు బండి వదిలే పొగను కారు లోపలికి లాక్కుంటూనే ఉంటుంది.

దారి మార్చితే చాలా తేడా వస్తుంది. పెద్ద రోడ్డుకు సమాంతరంగా ఒక వీధి లోపలికి నడిస్తే పొగ బాగా తగ్గుతుంది. రెండు మూడు నిమిషాలు ఎక్కువ పట్టినా ఆ దారే మంచిది. గాలి మరీ పాడైన రోజుల్లో ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు బయటి నడక మానుకోవాలి.

రోడ్డు మీద భయం. ఫుట్‌పాత్ లేని చోట ఎలా నడవాలి?

భయపడటంలో తప్పేమీ లేదు. ప్రపంచంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో ఐదో వంతుకు పైగా పాదచారులే. నడవమని చెప్పేవాళ్లు ఈ మాట దాటేయకూడదు.

ఫుట్‌పాత్ లేకపోతే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపు నడవండి. వెనకనుంచి వచ్చే బండిని మీరు చూడలేరు. దారి ఎంచుకునేటప్పుడు దూరంకన్నా వేగం చూడండి, మీ వేగం కాదు, బండ్ల వేగం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దిన కారుతో పోలిస్తే 65తో గుద్దిన కారు వల్ల పాదచారి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లు. బండ్లు నిదానంగా పోయే వీధి అయిదు నిమిషాలు చుట్టు అయినా అదే సరైన దారి. మలుపు తిరిగే లారీ, బస్సు పక్కన నిలబడకండి, ఆ డ్రైవర్‌కు మీరు కనిపించరు. చీకట్లో లేత రంగు బట్టలు కొంతే పనిచేస్తాయి. బ్యాగ్ మీద, చెప్పుల మడమల దగ్గర వెలుతురు పడితే మెరిసే పట్టీ అంటించుకుంటే చాలా దూరం నుంచి కనిపిస్తారు.

రాత్రి ఆలస్యంగా బయల్దేరేవాళ్లు, ముఖ్యంగా ఒంటరిగా నడవాల్సిన ఆడవాళ్లు, పొద్దున నడిచి రాత్రి బండి ఎక్కితే సరిపోతుంది. ధైర్యం చూపించడానికి చేసే పని కాదిది.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చా?

ఒక చెవికే, చుట్టూ శబ్దం వినిపించేంత మెల్లగా. రోడ్డు దాటేటప్పుడు అదీ తీసేయండి. ఫోన్ తెర చూస్తూ నడవడం మాత్రం వద్దే వద్దు.

మండే ఎండ, వాన ఉన్న రోజుల్లో?

వానకు గొడుగు, తొందరగా ఆరే చెప్పులు, సాక్స్ ఒక జత అదనం. నీళ్లు నిలిచిన చోట అడుగు పెట్టొద్దు, కింద ఏముందో కనిపించదు.

ఎండను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే నీడలో ఆగి నీళ్లు తాగాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా అది వడదెబ్బ, వెంటనే ఒళ్లు చల్లబరచి వైద్యం అందించాలి. ఉక్కపోత ఎక్కువగా ఉన్నప్పుడు చెమట ఆరదు కాబట్టి ఉష్ణోగ్రత తక్కువగా కనిపించినా ఒంటికి వేడి ఎక్కువగానే తగులుతుంది. అలాంటి వారాల్లో నడక మానేసినందుకు బాధపడక్కర్లేదు.

అంత టైమ్ ఎక్కడిది?

ఒకరోజు గడియారం పెట్టి చూడండి. ఇంటి తలుపు దగ్గర మొదలుపెట్టి ఆఫీసు కుర్చీలో కూర్చునేదాకా లెక్కపెట్టాలి. బండి బయటికి తీయడం, సిగ్నళ్లు, పెట్రోల్ బంక్, పార్కింగ్, అక్కడినుంచి లిఫ్ట్ దాకా నడవడం అన్నీ కలపండి. 2 కిలోమీటర్ల దూరానికి, రద్దీ వేళలో, నడకకూ బండికీ తేడా పది నిమిషాలకు మించి ఉండటం అరుదు. ఆ పది నిమిషాలకు బదులుగా వ్యాయామానికి విడిగా కేటాయించాల్సిన అరగంట మిగులుతుంది.

ఇలా నడిస్తే జిమ్ అక్కర్లేదా?

నడక గుండెకు సరిపోతుంది, కండరాలకు పూర్తిగా సరిపోదు. చేతులు, భుజాలు, వీపు అందులో పెద్దగా పనిచేయవు. వారంలో కనీసం రెండు రోజులు బరువులు ఎత్తడమో, ఇంట్లోనే గుంజీళ్లు, పుషప్‌లో చేయాలి. వయసు పెరిగేకొద్దీ దీని అవసరం ఇంకా పెరుగుతుంది.

గర్భిణులు నడవొచ్చా?

డాక్టర్ విశ్రాంతి చెప్పకపోతే నడవొచ్చు. ఆయాసం రాని వేగంలో, కాలు జారని దారిలో. రక్తస్రావం, కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపి డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఏ లక్షణాలు కనిపిస్తే నడక ఆపాలి?

ఛాతీలో బరువుగా, బిగపట్టినట్టుగా అనిపించడం, ఆ నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, ఎప్పుడూ లేని ఆయాసం, స్పృహ తప్పినట్టు కావడం. వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి సాయం పిలవండి, ఎలాగోలా ఆఫీసు చేరదామని చూడొద్దు. ఇంకోటి చాలామంది పట్టించుకోరు. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసినట్టు నొప్పి వచ్చి, నిలబడితే తగ్గి, మళ్లీ నడిస్తే వస్తుంటే అది కాలి రక్తనాళాలు సన్నబడిన గుర్తు కావచ్చు. పొగతాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు దీన్ని వయసు మీద నెట్టేయకూడదు.

పర్యావరణానికి నా ఒక్కడి నడక ఏం చేస్తుంది?

ఒక లీటర్ పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందులోనూ చిన్న ప్రయాణాలే మురికివి. ఇంజిన్ వేడెక్కేదాకా పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, పొగను శుభ్రం చేసే పరికరం కూడా బాగా వేడెక్కితే గానీ పనిచేయదు. 2 కిలోమీటర్ల ప్రయాణంలో అది వేడెక్కేలోపు ఆఫీసు వచ్చేస్తుంది. అంటే నడకతో మానిపించగలిగే ప్రయాణాలు, బండి అన్నిటికన్నా ఎక్కువ పొగ వదిలే ప్రయాణాలు ఒకటే.

ఇంటి నుంచే పనిచేస్తాను. నాకు?

పని మొదలుపెట్టే ముందు పదిహేను నిమిషాలు, ముగించాక పదిహేను నిమిషాలు బయట నడిచి రండి. పనిని, ఇంటిని విడదీసే గీత మీకే ఎక్కువ అవసరం. తప్పనిసరి కాదు కాబట్టి తేలిగ్గా జారిపోతుంది. ఆ సమయాన్ని క్యాలెండర్‌లో మీటింగ్‌లా గుర్తు పెట్టుకోవడం కొంత పనిచేస్తుంది.

ఎలా మొదలుపెట్టాలి? మధ్యలో మానేస్తే?

సెలవు రోజున ఒకసారి ఖాళీ చేతులతో ఆఫీసు దాకా నడిచి చూడండి. ఎంతసేపు పట్టింది, ఎక్కడ రోడ్డు దాటడం కష్టం, ఎక్కడ నీడ ఉంది అన్నీ తెలుస్తాయి. తర్వాత రెండు వారాలు సాయంత్రం మాత్రమే నడవండి. సాయంత్రం ఆలస్యమైతే అడిగేవాళ్లుండరు, చెమట గురించి దిగులుండదు. అది కుదురుకున్నాక పొద్దున వారానికి రెండు రోజులు, ఆ తర్వాత పెంచుకుంటూ పోవచ్చు. జ్వరమో, ఊరికి వెళ్లడమో వచ్చి తెగిపోతే మళ్లీ సాయంత్రం నడకతోనే మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులు నడిచినా లాభం గట్టిగానే ఉంటుంది.

మా ఉద్యోగులు నడిచి రావాలని ఉంది. యాజమాన్యంగా ఏం చేయగలం?

ఉపన్యాసాలు, అడుగుల పోటీలు పెట్టొద్దు. అవి నెలలో చల్లారిపోతాయి, పైగా నడవలేనివాళ్లను చిన్నబుచ్చుతాయి. ఒక స్నానాల గది, బట్టలు పెట్టుకోవడానికి లాకర్లు, తడిసిన గొడుగులు ఆరేసే చోటు ఇవ్వండి. హాజరు వేళలో పదిహేను నిమిషాలు అటూఇటూ ఒప్పుకోండి, ఆలస్యమవుతుందన్న భయంతోనే చాలామంది బండి తీస్తారు. వీటికన్నా ముందు ఒకసారి మీ గేటు బయట నిలబడి చూడండి. చాలాచోట్ల గేటంతా కార్ల కోసమే కట్టి ఉంటుంది, నడిచి వచ్చే మనిషి లోపలికి వచ్చే బండ్ల మధ్య నుంచి దూరి రావాలి. పక్కనే ఒక చిన్న గేటు, దానినుంచి లోపలి తలుపు దాకా నీడ ఉన్న బాట వేయించండి.